డయల్ మీద 60, చివరి గదిలో 40: లాడ్జి వేడినీళ్లలో బాక్టీరియా లెక్క

వరంగల్ స్టేషన్ దగ్గరైనా, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కలైనా, కరీంనగర్, మంచిర్యాలలోనైనా మామూలు లాడ్జిల రిసెప్షన్‌లో రేట్ల పట్టిక పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది: ‘వేడినీళ్లు ఉదయం 6 నుంచి 9 వరకు’. కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టుకున్న నియమం అది. చూడగానే తప్పు పట్టేదేమీ కనిపించదు. కానీ మిగతా 21 గంటల సంగతి ఆ కాగితం మీద ఉండదు. అంతసేపూ ఆ నీళ్లు ట్యాంకులో, గోడల్లోని పైపుల్లో కదలకుండా నిలబడి మెల్లగా చల్లారుతుంటాయి. 60 డిగ్రీల నుంచి మామూలు వేడికి దిగే దారిలో 45కూ 25కూ మధ్య చాలాసేపు ఉండిపోతాయి. లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరగడానికి సరిగ్గా ఆ నులివెచ్చదనమే కావాలి.

ఇది ఎక్కడినుంచో ఊడిపడేది కాదు. చెరువుల్లో, వాగుల్లో, తడి మట్టిలో సహజంగానే కొద్దికొద్దిగా ఉంటుంది. 20 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో బతికి ఉంటుందే తప్ప పెరగదు. 25 నుంచి 45 వరకు పెరుగుతుంది, 35–37 దగ్గర ఆ పెరుగుదల జోరందుకుంటుంది. 50 దాటితే పెరుగుదల ఆగుతుంది కానీ వెంటనే చావదు. 50 దగ్గర పదింట తొమ్మిది వంతులు చావడానికి రెండు గంటల దాకా పడుతుంది. 60 దగ్గర అదే పనికి రెండు నిమిషాలు చాలు. 70 దగ్గర క్షణాల్లో అయిపోతుంది. చేతికి 50 డిగ్రీల నీళ్లూ సలసల కాగినట్టే తోస్తాయి, 60 కూడా అలాగే తోస్తుంది. కాబట్టి చెయ్యి పెట్టి ‘వేడిగానే ఉన్నాయి’ అనడం ఈ విషయంలో లెక్కలోకి రాదు, థర్మామీటర్ ఉండాల్సిందే.

ఆ నీళ్లు తాగితే కడుపులో ఏమీ కాదు. పీలిస్తేనే ప్రమాదం. షవర్ కింద నిలబడ్డప్పుడు కంటికి కనిపించని తుంపరలు లేస్తాయి. వాటిలో 5 మైక్రాన్ల కన్నా చిన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. నీళ్లు పొలమారినప్పుడూ కొంత లోపలికి పోవచ్చు. వచ్చేది నిమోనియా. సాధారణంగా 2 నుంచి 10 రోజుల్లో, కొందరిలో 14 రోజులకు బయటపడుతుంది. 50 ఏళ్లు దాటినవాళ్లకు, బీడీ సిగరెట్లు తాగేవాళ్లకు, సుగర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. జబ్బు పడిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరు చనిపోతారు. ఒకరినుంచి ఒకరికి అంటడం మాత్రం ఉండదు.

పేరు కూడా హోటల్‌ సభ నుంచే వచ్చింది. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెల్వ్యూ–స్ట్రాట్‌ఫర్డ్ హోటల్లో ‘అమెరికన్ లీజియన్’ అనే మాజీ సైనికుల సంఘం సభ జరిగింది. 221 మంది జబ్బు పడ్డారు, 34 మంది చనిపోయారు. కారణం ఏమిటో ఆరునెలల దాకా అంతుపట్టలేదు. 1977 జనవరిలో అట్లాంటాలోని సీడీసీ అనే ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు జోసెఫ్ మెక్‌డేడ్, చార్లెస్ షెపర్డ్ ఆ బాక్టీరియాను పట్టుకున్నారు. లీజియన్ సభ్యులకు వచ్చిన జబ్బు కాబట్టి బాక్టీరియాకు ఆ పేరే పెట్టారు.

మరి మన దగ్గర ఇలాంటి వార్తలు ఎందుకు వినిపించవు? జబ్బు తీరును బట్టి చూస్తే అది అర్థమయ్యే సంగతే. పెళ్లికి వచ్చి హన్మకొండలో రెండు రాత్రులు ఉన్నవాళ్లు ఒకరు ఆదిలాబాద్ పోతారు, ఒకరు భద్రాచలం పోతారు. వారం తర్వాత జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు మొదలైతే లాడ్జి షవర్ ఎవరికీ గుర్తు రాదు. అది వానకాలమైతే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలతోనే మూడు రోజులు గడుస్తాయి. లెజియోనెల్లాకు మూత్ర పరీక్ష ఉంది, కానీ డాక్టరు అడిగితేనే చేస్తారు. అదీ ప్రధానంగా సీరోగ్రూప్ 1 అనే ఒక రకాన్నే పట్టుకుంటుంది. పైగా ఈ బాక్టీరియా మనిషి కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు దీని మీద పనిచేయవు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ పనిచేస్తాయి. అజిత్రో మాత్ర మన ఆర్ఎంపీలు జ్వరానికి ముందే రాసేస్తుంటారు కాబట్టి కొన్ని కేసులు పేరు లేకుండానే తగ్గిపోయే అవకాశమూ ఉంది.

ట్యాంకు కాగుతుంది, పైపు కాగదు

టెర్రస్ మీద 1000 లీటర్ల ట్యాంకు, కింద నాలుగు అంతస్తులు, 24 గదులు ఉన్న లాడ్జి అనుకుందాం. ఈ ప్రాంతంలో చాలా చోట్ల కనిపించే కొలతే ఇది. ట్యాంకు నుంచి, పైపుల కోసం వదిలిన నిలువు సందు అయిన ఒక్కో షాఫ్ట్‌లోకి ఒక అంగుళం పైపు దిగుతుంది. దాని పొడవు 15 మీటర్లు. అక్కడినుంచి బాత్రూంలోకి ముప్పావు అంగుళం పైపు ఇంకో 6 మీటర్లు. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లయితే మీటరుకు అర లీటరు, 20 అయితే మీటరుకు 0.3 లీటరు నీళ్లు పడతాయి. అంటే ట్యాంకుకూ చివరి గది నల్లాకూ మధ్య సుమారు 9 లీటర్లు నిలబడి ఉంటాయి. ‘బకెట్ నిండా పోతే గాని వేడి రావట్లేదు’ అని కింది అంతస్తువాళ్లు చేసే ఫిర్యాదు వెనక ఉన్న లెక్క ఇదే. పైన ఏమీ చుట్టని పైపులో 60 డిగ్రీల నీళ్లు అరగంటలోపే 45 కిందికి దిగుతాయి, గంట తిరిగేసరికి 35–40 దగ్గర ఉంటాయి. రాత్రికి షాఫ్ట్‌లోని గాలి ఎంత వేడిగా ఉంటే అంతే.

చాలామంది ఇక్కడే ఒక పని చేస్తారు: పైపుకు నల్లటి ఫోమ్ చుట్టిస్తారు. ఖర్చు తక్కువ, వేడి నిలుస్తుందని ఆశ. కానీ నీళ్లు కదలని పైపుకు ఒట్టి ఇన్సులేషన్ వేస్తే అది నులివెచ్చగా ఉండే సమయాన్ని పెంచుతుంది. గంటలో దాటిపోయే ప్రమాదకరమైన మెట్టు మీద మూడు గంటలు కూర్చోబెట్టినట్టు అవుతుంది. ఇన్సులేషన్ మేలు చేసేది రిటర్న్ లైను ఉన్నప్పుడే. చివరి గది దగ్గరనుంచి సన్నటి పైపు వెనక్కి ట్యాంకుకు పోయి, మధ్యలో చిన్న పంపు నీటిని తిప్పుతూ ఉంటే పైపంతా వేడిగానే ఉంటుంది. బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పే కొలతలు ఇవి: నిల్వలో 60, తిరిగి వచ్చే పైపులో 50కి తగ్గకుండా, నల్లా తిప్పిన నిమిషంలోపు 50.

రిటర్న్ లైను ఉన్న హోటళ్లలోనూ ఇబ్బంది వచ్చేది బ్యాలన్సింగ్ దగ్గర. పంపుకు దగ్గరగా ఉన్న షాఫ్ట్‌లోంచి నీళ్లు తేలిగ్గా తిరుగుతాయి కాబట్టి ప్రవాహమంతా అదే లాక్కుంటుంది, దూరం షాఫ్ట్‌లో కదలికే ఉండదు. ప్రతి షాఫ్ట్ రిటర్న్ మీద ఒక వాల్వు ఉండాలి, దగ్గరివాటిని కాస్త బిగించాలి. ఒక్కో రిటర్న్ పైపు వేడి విడివిడిగా చూడకుండా, అన్నీ కలిసిన చోట 52 వచ్చిందని సంతోషించడం వల్ల ప్రయోజనం లేదు. రాత్రి 10కి పంపును టైమర్ ఆపేస్తుంటే రిటర్న్ లైను ఉన్నా లేనట్టే.

ఇంకొక తప్పు ప్రతి రెండో బాత్రూంలో కనిపిస్తుంది. వాల్ మిక్సర్‌కు వేడి, చల్ల రెండు నాబ్‌లూ తెరిచి ఉంచి, చేతి షవర్ బటన్ దగ్గర మాత్రమే ఆపేస్తారు. అప్పుడు మిక్సర్ లోపల వేడి లైను, చల్ల లైను ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఒత్తిడి ఎటు ఎక్కువుంటే అటునుంచి ఇటు పారుతుంది. ఒక గదిలో జరిగిన ఈ పని ఆ షాఫ్ట్ మొత్తాన్ని నులివెచ్చగా మారుస్తుంది. ‘మొన్నటిదాకా బాగానే వచ్చేవి, ఈ లైనంతా చల్లబడింది’ అని ప్లంబర్ తల గోక్కుంటుంటే ముందు చూడాల్సింది ఇదే. మిక్సర్‌కు వచ్చే రెండు పైపుల మీదా నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వులు ఉంటే ఈ బాధ ఉండదు.

బాత్‌టబ్ తీసేసి షవర్ పెట్టినప్పుడు మిగిలే పైపు ముక్కలది మరో కథ. చివర ఎండ్ క్యాప్ బిగించి టైల్ వేసేస్తారు. ఆ ముక్కలో నీళ్లు ఏళ్ల తరబడి కదలవు. లోపల పాకుడు పడుతుంది. పట్టిన పాకుడు అప్పుడప్పుడు ఊడి పారే నీళ్లలో కలుస్తుంది. తీసేయాల్సింది చివర్లో కాదు, పైపు చీలే ‘టీ’ దగ్గరే కోసేయాలి.

పాకుడు అన్నమాట ఇక్కడ ఊరికే వాడింది కాదు. పైపు లోపలి గోడకు పట్టే జిగురు పొరలో బాక్టీరియాతోపాటు అమీబాలు కూడా ఉంటాయి. అవి బాక్టీరియాను తిని బతుకుతాయి. లెజియోనెల్లా మాత్రం అమీబా కడుపులో అరగకుండా అక్కడే పెరిగి, దాన్నే చీల్చుకుని బయటికొస్తుంది. ఈ సంగతిని 1980లో బ్రిటన్‌కు చెందిన టిమొతీ రోబోథామ్ బయటపెట్టారు. క్లోరిన్ వేసినా ఒక్క దెబ్బకు పోదనడానికి కారణం ఇది: మందు నీళ్లలో ఉంటుంది, అది అమీబా లోపల, పొర అడుగున ఉంటుంది. రబ్బరు లైనింగ్ ఉన్న కనెక్షన్ పైపులు, చేతి షవర్ గొట్టాలు, టాయ్‌లెట్ పక్కన ఉండే జెట్ గొట్టాలు ఈ పొరకు మంచి నేల.

సోలార్: ఎండాకాలం ఒకటి, ముసురు పట్టినప్పుడు ఇంకొకటి

ఈ ప్రాంతపు లాడ్జిల్లో సోలార్ వాటర్ హీటర్లు బాగానే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో గాజు గొట్టాల సోలార్‌లో నీళ్లు 70 దాటుతాయి, అప్పుడు బెంగ అక్కర్లేదు. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే అదే ట్యాంకు 38–45 మధ్య తిరుగుతుంటుంది. స్నానానికి సరిపోతున్నాయి కదా అని బ్యాకప్ హీటర్ వేయరు. వెయ్యి లీటర్ల నీళ్లు, చెదరని వెచ్చదనం, అడుగున మడ్డి. లెజియోనెల్లాకు పుట్టిల్లు అంటే ఇదే.

మడ్డి సంగతి దగ్గరగా చూడాలి. బోరు నీళ్లు వాడే లాడ్జిలో సోలార్ ట్యాంకు అడుగు డ్రెయిన్ వాల్వును ఏడాది తర్వాత తెరిస్తే మొదట ఏమీ రాదు. వాల్వు నోరు సున్నంతో పూడిపోయి ఉంటుంది. ఇనుప కమ్మీతో గెలికితే ముందు తెల్లటి పెచ్చులు, ఆ వెనక కాఫీ రంగు బురద నీళ్లు, అవి తేటబడేసరికి నాలుగైదు బకెట్లు. ఆ పెచ్చుల సందుల్లోకి వేడి సరిగా చేరదు, క్లోరిన్ అసలే చేరదు. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మన బోర్లు ఈ రెండు అంకెల మధ్య ఉండటం మామూలే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వేడి లైనుకు, బోరు నీళ్లు ఫ్లష్‌కు, నేల కడగడానికి అని విడగొట్టుకోగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది. రెండూ ఒకే సంపులో కలిపేస్తే నల్లా నీళ్లలోని కొద్దిపాటి క్లోరిన్ కూడా బోరు నీళ్ల పాలవుతుంది.

బ్యాకప్ హీటర్ ఎక్కడుందో చూడటం కూడా అవసరమే. చాలా సోలార్ ట్యాంకుల్లో కాయిల్‌ను నడుమ ఎత్తులో బిగిస్తారు. వేడినీళ్లు పైకి పోతాయి కాబట్టి పై సగం 60కి చేరుతుంది, థర్మోస్టాట్ ఆఫ్ అయిపోతుంది, అడుగు సగం 35 దగ్గరే మిగిలిపోతుంది. డయల్ కూడా పై సగంలోనే ఉంటుంది కాబట్టి 60 అనే చూపిస్తుంది. అడుగు నీళ్లను తీసి పైన పోసే చిన్న పంపు ఒకటి పెట్టి, హీటర్ వేసిన గంటసేపు తిప్పితే ట్యాంకంతా ఒకే వేడికి వస్తుంది.

ఖర్చు ఎంతో చూద్దాం. వెయ్యి లీటర్లను 45 నుంచి 60కి తేవడానికి 17.4 యూనిట్లు కావాలి. 6 కిలోవాట్ల హీటర్‌కు సుమారు మూడు గంటల పని. యూనిట్ 10 రూపాయలనుకుంటే 175 రూపాయలు. ముసురు రోజుల్లో రోజూ చేయగలిగితే మంచిదే, లేకపోతే వారానికి ఒకసారైనా ట్యాంకు మొత్తాన్ని 60 పైన గంటసేపు ఉంచడం కనీసం. కొత్తగా వస్తున్న హీట్ పంపులకూ ఇదే వర్తిస్తుంది. కరెంటు ఆదా కోసం వాటిని 50–55 దగ్గర ఆపుతారు. కాబట్టి వారానికోసారి మామూలు కాయిల్‌తో పైకి తీసుకెళ్లాల్సిందే.

‘60 పెడితే గెస్టులకు కాలుతుంది’ అనేది మేనేజర్ల భయం. అది ఉత్త భయం కాదు. 60 డిగ్రీల నీళ్లు 5 సెకన్లలో బొబ్బలెక్కిస్తాయి, పిల్లలకైతే ఇంకా తొందరగా. అందుకని ట్యాంకును 45కి దించడం తప్పు పరిష్కారం. నిల్వలో, పైపులో 60 ఉండాలి, షవర్‌కు దగ్గరగా థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టి అక్కడ 41–43కి దించాలి. ఆ వాల్వుకూ షవర్‌కూ మధ్య దూరం ఎంత తక్కువైతే అంత మంచిది, ఎందుకంటే ఆ తర్వాతి పైపు ఎప్పుడూ నులివెచ్చగానే ఉంటుంది. టెర్రస్ మీద ట్యాంకు పక్కనే ఒకే మిక్సింగ్ వాల్వు పెట్టి లాడ్జి మొత్తానికి 43 డిగ్రీల నీళ్లు పంపే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. అంతకంటే లైను లేకపోవడమే మేలు.

గదికొక గీజర్ ఉన్న లాడ్జిల్లో ఈ సమస్య చిన్న ముక్కలుగా విడిపోతుంది. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్‌లో నీళ్లు పెద్దగా నిలవవు, అది దాదాపు సురక్షితం. 15–25 లీటర్ల స్టోరేజ్ గీజర్‌ను గెస్టు పది నిమిషాలు వేసి ఆపితే లోపల 40 దగ్గర రోజంతా నిలుస్తుంది. కార్డు తీయగానే కరెంటు పోయే గదుల్లో ఇది తప్పదు. రూం బాయ్ గది సర్దే 20–30 నిమిషాలు గీజర్‌ను వేసి, థర్మోస్టాట్ కట్ అయ్యేదాకా ఉంచి, తర్వాత వేడినీళ్లు రెండు నిమిషాలు వదిలితే చాలు. లోపలి మెగ్నీషియం యానోడ్ రాడ్‌ను మామూలు నీళ్లకు ఏడాదికి, బోరు నీళ్లకు ఆరునెలలకు చూడాలి. అది అరిగిపోతే ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది, తుప్పులోని ఇనుము ఈ బాక్టీరియాకు ఎరువులాంటిది.

మే నెలలో చన్నీళ్లు

యూరప్ పుస్తకాలు చన్నీళ్లు 20 కింద ఉండాలంటాయి. వరంగల్‌లో ఆ మాట నవ్వు తెప్పిస్తుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండకు టెర్రస్ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి 38–40 ఉంటాయి. ‘చల్ల’ నల్లా తిప్పితే చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. అంటే ఎండాకాలంలో మనకు లెజియోనెల్లా ముప్పు వేడి లైనులో కన్నా చల్ల లైనులోనే ఎక్కువ. ఇక్కడ వేడితో చంపే దారి లేదు, చల్లబరిచే దారీ లేదు. ఉన్నవి రెండే: నీళ్లు నిలవకుండా చూడటం, క్లోరిన్.

ట్యాంకు పెద్దదైతే మంచిదనే అభిప్రాయం దీనికి అడ్డం వస్తుంది. మూడు రోజులకు సరిపడా నీళ్లు పైన పెట్టుకుంటే మూడు రోజులు ఎండలో కాగుతాయి. నిల్వ నేలకింది సంపులో ఉండాలి, పైన ఒక రోజు వాడకానికి మించకూడదు. ట్యాంకు మీద రేకు నీడ, తెల్లరంగు పూత, గట్టిగా పడే మూత ఉండాలి.

క్లోరిన్ కొలత: నల్లా దగ్గర ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ఐఎస్ 10500 చెబుతుంది. లాడ్జి అవసరానికి చివరి గదిలో 0.5 దగ్గర పట్టుకోవడం మంచిది. 10,000 లీటర్ల సంపులో 1 మిల్లీగ్రాము మోతాదు రావాలంటే 10 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్లు. నీళ్లలోని మురికి కొంత తినేస్తుంది కాబట్టి అరగంట తర్వాత పరీక్షించి మిగతాది కలపాలి. హైపో డబ్బాను ఎండలో పెడితే మన వేసవికి నెలలోనే బలం బాగా తగ్గిపోతుంది. పాత డబ్బాతో వేసిన లెక్క ఉత్త లెక్కే. పసుపు రంగు వచ్చే ఓటీ ద్రావణం అన్ని రకాల క్లోరిన్‌నూ కలిపి చూపిస్తుంది, గులాబీ రంగు వచ్చే డీపీడీ బిళ్ల ఫ్రీ క్లోరిన్‌ను విడిగా చూపిస్తుంది. కొనేదేదో డీపీడీయే కొనాలి. నీటి పీహెచ్ 8 దాటితే క్లోరిన్ చురుకుదనం పడిపోతుందన్నది కూడా మనసులో పెట్టుకోవాలి, బోరు నీళ్లలో అది అరుదేమీ కాదు.

ఎండాకాలపు పెళ్లిళ్లలో తుంపరలు చిమ్మే మిస్ట్ ఫ్యాన్ల గురించి ఇక్కడే ఒక మాట. ఎండలో పెట్టిన డ్రమ్ములోని 38 డిగ్రీల నీళ్లను సన్నటి పొగమంచులా మార్చి వందల మంది మొహాల మీదికి కొట్టడం అది. 1989లో అమెరికాలోని లూసియానాలో ఒక కిరాణా దుకాణంలో కూరగాయల మీద మంచు చిమ్మే యంత్రం నుంచే లెజియోనెల్లా పాకింది. డ్రమ్ము రోజూ ఖాళీ చేసి, తుడిచి, క్లోరిన్ ఉన్న తాజా నీళ్లు పోయకపోతే ఆ ఫ్యాన్ల కన్నా మామూలు కూలరే నయం.

మూఢంలో మూసిన గదులు

ఆషాఢం, మూఢం వచ్చాయంటే ఫంక్షన్ హాళ్లకు ఆనుకుని ఉన్న గదులు నెలకు పైగా తాళాలతో ఉంటాయి. తర్వాత ఒక్క ముహూర్తానికి ఒకే ఉదయం అన్ని షవర్లూ తిప్పుతారు. మేడారం జాతర ఏడాదైతే ములుగు, హన్మకొండ దారిలోని లాడ్జిలు నాలుగు రోజులు కిక్కిరిసి, మళ్లీ ఖాళీ అవుతాయి. ఈ నిండటం, ఖాళీ కావడం మధ్య పైపుల్లో నిలిచిన నీళ్లే మొదట వచ్చిన గెస్టు మీద పడతాయి.

వాడని గదుల్లో వారానికి ఒకసారి ప్రతి నల్లా, షవర్, జెట్, ఫ్లష్ నడపాలి. వేడి, చల్ల రెండూ విడివిడిగా, వేడి నిలకడగా వచ్చేదాకా, తక్కువలో తక్కువ 5 నిమిషాలు. నడిపేవాడు తుంపరలు పీల్చకుండా చూడటం ముఖ్యం: షవర్ తలకు ఒక ప్లాస్టిక్ సంచి కట్టి, కింది మూల కత్తిరించి, నల్లా మెల్లగా తెరవాలి. చేతి షవర్ అయితే బకెట్ నీళ్లలో ముంచి తెరవొచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి బయట నిలబడాలి. నీళ్లు వృథా అని బాధపడితే వాటినే నేల కడగడానికి పట్టుకోవచ్చు.

నెల దాటి మూసిన లైనుకు ఒట్టి ఫ్లషింగ్ చాలదు. అందరినీ ఖాళీ చేయించి, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో గంటసేపు నింపి ఉంచాలి. వెయ్యి లీటర్లకు 10 శాతం హైపో అర లీటరు, లేదా తాజా బ్లీచింగ్ పౌడర్ 150 గ్రాములు. పౌడర్ అయితే ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. ట్యాంకుకు దగ్గరున్న నల్లా నుంచి మొదలుపెట్టి దూరం నల్లా దాకా ఒక్కొక్కటి క్లోరిన్ వాసన వచ్చేవరకు తెరిచి మూయాలి. గంట తర్వాత చివరి నల్లాలో 30 కన్నా తక్కువ కనిపిస్తే మందు చాలలేదని అర్థం, మళ్లీ మొదలు. అయ్యాక మామూలు స్థాయికి వచ్చేదాకా కడగాలి. ఈ పని మొదలుపెట్టే ముందు మడ్డి తీయకపోతే క్లోరిన్ అంతా మడ్డికే సరిపోతుంది.

షవర్ తలలను మూడు నెలలకోసారి విప్పాలి. లోపలి జాలీ మీద తెల్లటి సున్నం, దాని అంచున నల్లగానో గులాబీగానో జారుడు పొర కనిపిస్తుంది. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెడితే సున్నం వదులుతుంది. బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి, ఆ తర్వాతే 50 మిల్లీగ్రాముల క్లోరిన్ నీళ్లలో మరో గంట. మధ్యలో కడగడం మానేసి ఆమ్లం మీదే బ్లీచింగ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. బాత్రూం యాసిడ్‌తో ఈ పని చేసే అలవాటు మన లాడ్జిల్లో ఉంది. అది క్రోమ్ పూతను తినేస్తుంది, పక్కనే బ్లీచింగ్ ఉంటే మనిషి ఊపిరినీ పట్టేస్తుంది.

కొలిచేది ఎలా

కొన్ని వందల రూపాయల డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్, ఒక నోటుబుక్కు, చేతిలో ఫోన్ టైమర్. ప్రతి షాఫ్ట్‌లో ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న గదిని నెలకోసారి ఎంచుకుని, వేడి నల్లా తిప్పి 15, 30, 60 సెకన్లకు అంకెలు రాసుకోవాలి. నిమిషానికి 50 రాకపోతే ఆ షాఫ్ట్ పేరు ఎర్ర ఇంకుతో రాయాలి. డయల్ రీడింగ్ పక్క గడిలో రాసుకుంటే నాలుగు నెలల్లో తేడా ఎక్కడుందో దానంతట అదే బయటపడుతుంది.

ల్యాబ్ పరీక్ష విషయంలో ఒక అపోహ ఉంది. మామూలు నీటి పరీక్షలో కాలిఫాం, ఈ-కోలి లేవని వస్తే నీళ్లు భేషని అనుకుంటారు. అవి మురుగు కలిసిందో లేదో చెప్పే పరీక్షలు, లెజియోనెల్లాకు వాటితో సంబంధం లేదు. ఐఎస్ 10500లో దాని ప్రస్తావనే లేదు. ఐఎస్ఓ 11731 పద్ధతిలో కల్చర్ చేసే, అంటే బాక్టీరియాను పెంచి లెక్కించే ల్యాబ్ కావాలి. హైదరాబాద్ ల్యాబ్‌కు పంపే ముందు ఆ పద్ధతి వాళ్ల ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) స్కోప్‌లో ఉందో లేదో అడగాలి. ఫలితం రావడానికి పది రోజులు పడుతుంది, అంతకంటే ముందే ‘లేదు’ అని చెబితే అనుమానించాలి.

సీసా లీటరుది, స్టెరైల్, లోపల క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. అది లేకపోతే దారిలోనే క్లోరిన్ పనిచేసి తప్పుడు ‘క్లీన్’ రిపోర్టు వస్తుంది. పొద్దున్నే ఎవరూ నల్లా తిప్పకముందు మొదటి నీళ్లు ఒక సీసా, రెండు మూడు నిమిషాలు వదిలాక ఇంకో సీసా తీయాలి. మొదటిదాంట్లో మాత్రమే ఎక్కువ ఉంటే తప్పు ఆ షవర్‌లో, గొట్టంలో ఉంది. రెండింట్లోనూ ఉంటే ట్యాంకులోనో, పెద్ద పైపులోనో ఉంది. ఈ ఒక్క తేడా తెలిస్తే వేల రూపాయల గోడలు పగలగొట్టే పని తప్పుతుంది. సీసాను ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకూడదు, ఐసులోనూ పాతిపెట్టకూడదు, అదే రోజు చేర్చాలి.

లీటరుకు 100 కాలనీల (కల్చర్‌లో పెరిగే బాక్టీరియా గుంపుల) లోపు ఉంటే ఉన్న పద్ధతే కొనసాగించొచ్చు. 100 నుంచి 1000 మధ్య వస్తే ఒకటి రెండు నల్లాల్లోనేనా, అన్నింట్లోనా అని చూసి, వేడి, క్లోరిన్, ఫ్లషింగ్ నోటుబుక్కు తిరగేసి, మళ్లీ నమూనా తీయాలి. 1000 దాటితే ఆ షాఫ్ట్ గదుల్లో షవర్లు వెంటనే ఆపి, ట్యాంకు కడిగి, 70 డిగ్రీల నీళ్లను ప్రతి నల్లాలో 5 నిమిషాలు 60కి తగ్గకుండా వదలడమో, క్లోరిన్‌తో నింపడమో చేయాలి. వేడితో చేసేటప్పుడు ఆ అంతస్తులో గెస్టులెవరూ ఉండకూడదు, ప్రతి తలుపు మీద కాగితం అంటించాలి. మళ్లీ నమూనా మాత్రం 48 గంటలు ఆగాకే తీయాలి. అదే సాయంత్రం తీస్తే అది మందు పనిచేస్తున్న నీళ్లను చూపిస్తుంది, పైపు గోడకు ఇంకా ఏం పట్టుకుని ఉందో చూపించదు.